పట్టపగలు కట్టిన నల్లగుడ్డ

ఉడుమలైపేట మిల్లులో రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన తేన్మొళి, ఆ ఉదయం అత్త రేషన్ అంగడికి వెళ్లేదాకా ఆగింది. వెళ్లగానే సంచిలోంచి నల్లగుడ్డ తీసి వీధివైపు కిటికీకి బయట కట్టింది. తలుపు మూసి పడుకుంది.

ఆ ఇంట్లో పగలు తలుపు మూయడమన్నది లేదు. అందరి తలుపులూ తెరిచి ఉండగా మనదొకటే మూస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారని అత్త సెల్లాయి బాధ. అందుకే రాత్రి షిఫ్టు పడిన వారమల్లా తేన్మొళి మొహాన ఎండ పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ల కబుర్ల మధ్య కునుకు తీసేది.

సెల్లాయి కూడా అదే మిల్లులో షిఫ్టులు మారుతూ అరిగిపోయిన మనిషే. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, ఇప్పుడు కుదురుగా ఉంది. మొన్న పరీక్షకు కోయంబత్తూరు వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఒంట్లో కణాలన్నిటికీ గడియారం నడిపే జన్యువులు ఉంటాయట. కణం ఎప్పుడు రెండుగా చీలాలి, చెడినదాన్ని ఎప్పుడు బాగుచేసుకోవాలి అన్నదాంట్లో వాటికీ వంతు ఉందట. ఏళ్ల తరబడి రాత్రి దీపాల కింద పని, పగటి వెలుతురులో నిద్ర అయితే ఆ గడియారాలు పొంతన తప్పుతాయి, క్యాన్సర్ ముప్పు పెరగవచ్చు అంది.

"అట్లంటే నాకు మిల్లు వల్లనే వచ్చిందా అమ్మా?" అని సెల్లాయి అడిగింది.

"ఒక్క మనిషి విషయంలో అలా తేల్చి చెప్పలేం" అంది డాక్టరమ్మ.

సెల్లాయి ఆ మాటను అక్కడే వదిలేసి వచ్చింది. తేన్మొళి వదల్లేదు.

కంటిమీద నిద్ర గట్టిగా వాలిందో లేదో, బయట ఏడుపు. "అయ్యో సెల్లాయక్కా! ఒక మాటైనా చెప్పకుండా పోయినావే!"

తేన్మొళి అదిరిపడి తలుపు తీసింది. వీధి చివరింటి రంగమ్మాళ్ గుండెలు బాదుకుంటోంది. చావు పడితే నల్లజెండా కట్టే ఊరు, జబ్బు చేసి లేచిన మనిషి ఉన్న ఇల్లు. ఇంకేం కావాలి?

అప్పుడే బియ్యం సంచితో వచ్చిన సెల్లాయి వెనక నిలబడి అడిగింది. "ఎవరే పోయింది?"

రంగమ్మాళ్ వెనక్కి తిరిగి కెవ్వుమంది.

"నేను పోతే ఉత్త చేతుల్తోనేనా వచ్చేది? మాల యాడ?"

"నీ నోట్లో మన్ను పడ! నా పాణం పోయిందే!" అంటూ రంగమ్మాళ్ అరుగు మీద కూలబడింది.

సెల్లాయి కిటికీ చూసింది. నవ్వు ఆగిపోయింది. "ఏమే, నా చావు కోరి కట్టినావా?"

"నువ్వూ ఉండాల, నేనూ ఉండాలని కట్టినా అత్తా." తేన్మొళి గొంతు పెంచలేదు. "నాకు వచ్చి తీరుతుందని డాక్టరమ్మ చెప్పలే. ముప్పు ఉండాదని చెప్పింది. మిల్లులో పగటి షిఫ్టు అడిగినా. వచ్చే నెల నుంచి ఇస్తామన్నారు. అంతదాకా నాకు చీకట్లో తూక్కం కావాల, కంటినిండా నిద్ర కావాల. ఊరు ఏమన్నా అనుకోనీ, నేను విప్పను."

సెల్లాయి సంచి దించి, కిటికీ దగ్గరికి వెళ్లి గుడ్డ అంచు పట్టుకుని చూసింది.

"నేను కొంగు మొహాన కప్పుకుని పడుకొనేదాన్ని" అంది. "ఊపిరాడేది కాదు. తూక్కమా అది?"

లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచింది. పెళ్లినాటి ముదురెరుపు చీర తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "నల్లది తీసెయ్. దీన్ని మడిచి లోపల కట్టు. దీన్ని చూసి ఎవరూ ఏడవరు."

తలుపు తానే మూసి, గుమ్మం ముందు పీట వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరసాగింది.

కాసేపటికి ఎవరో ఆగిన అలికిడి. "ఏం సెల్లాయీ, పగలే తలుపు మూసినారు?"

"మెల్లగా మాట్లాడు" అంది సెల్లాయి. "మా ఇంట్లో ఇప్పుడు రాత్రి."

లోపల పడుకున్న తేన్మొళికి అంతవరకే వినిపించింది.