సాయంత్రం బరువు

ఇసుక మీద టైరు. సన్నగా, నూరుతున్నట్టు — ఆ చప్పుడు.

గాలి లేదు.

ఒక్క ఆకూ కదలడం లేదు. అభిరామ్ వెనక్కి చూశాడు. క్యారియర్ మీద ఆఫీసు సంచి. అంతే.

సైకిల్ బరువుగా ఉంది.

పొద్దున ఉండదు. పొద్దున చంపాపేట్ నుంచి ఎల్బీ నగర్ మెట్రో దాకా దానంతట అదే పోతుంది. స్టాండులో తాళం వేస్తాడు. రైలు అక్కడే మొదలవుతుంది గనుక సీటు దొరుకుతుంది. నాంపల్లిలో దిగుతాడు.

సాయంత్రం అదే రైలు. దిల్‌సుఖ్‌నగర్‌లో సగం మంది దిగిపోతారు. ఎల్బీ నగర్ వచ్చేసరికి పెట్టె ఖాళీ.

తాళం తీస్తాడు. ఎక్కుతాడు.

వెనక ఎవరో ఎక్కుతారు.

కర్మన్‌ఘాట్ మలుపు దాకా ఆ బరువు. మలుపులో — ఒక కుదుపు. ఆ తర్వాత ఏమీ ఉండదు.

ఏరి ఏరి కట్టించుకున్న సైకిల్ అది. దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో, బాల్‌రాజ్ దుకాణంలో. దారిలో ఎత్తులున్నాయని అల్యూమినియం ఫ్రేము. గుంతలున్నాయని లావు టైర్లు. ప్యాంటుకు గ్రీజు అంటకుండా చైన్ కవరు. ప్రతి భాగాన్నీ చేత్తో ఎత్తి చూశాడు.

"గింత తేలిక దేనికి సార్? ఎగురుతరా ఏంది? నాదర్‌గుల్ పోండ్రి మరి, గాడ ఇమానాలు నేర్పుతరు," అన్నాడు బాల్‌రాజ్.

చివర్లో ఇనప క్యారియర్ ఒకటి తెచ్చి బిగించాడు. పాతది.

"ఇదెందుకండీ? కొత్తది ఉందిగా."

"అంత కొత్తదైతే దిష్టి తగుల్తది సార్. ఒక్కటన్న పాతది ఉండాలె. నేను కట్టిన ఏ బండైన గంతే."

అభిరామ్ కాదనలేదు. వాళ్లమ్మ కొత్త స్కూటరుకు పాత చెప్పు కట్టిన మనిషి.

తర్వాత బరువు మొదలైంది. బ్రేకులు వదులు చేయించాడు. బేరింగులు మార్పించాడు. గాలి చూపించాడు.

"పొద్దున లేని బరువు పొద్దుమీకి ఎట్లొస్తది సార్? అలసిపోతున్నరు మీరు."

ఒక సాయంత్రం స్టాండులో సైకిల్ పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చెయ్యి క్యారియర్ మీద.

"ఈ క్యారియర్ నాది సార్. మీకు బిగించిన అని బాల్‌రాజ్ చెప్పిండు. నా పేరు శేఖర్."

అతని భార్య యాదలక్ష్మి ఇక్కడే బట్టల దుకాణంలో పనిచేసేది. సాయంత్రం క్యారియర్ ఎక్కేది. కర్మన్‌ఘాట్ మలుపులో దిగి, కూరగాయలు కొనుక్కుని, ఇంటి సందులోకి నడిచేది. జ్వరం వచ్చింది. దవాఖాన నుంచి తిరిగి రాలేదు.

"సైకిల్ తేలికైంది సార్. తొక్కలేకపోయిన. బాల్‌రాజ్‌కే అమ్మేసిన."

శేఖర్ క్యారియర్‌ను నిమిరాడు.

"ఇప్పుడు... బరువుగుంటదా?"

అభిరామ్ తాళంచెవి ఇచ్చాడు.

శేఖర్ ఎక్కాడు. కాలు నేలకు ఆనించి ఆగాడు — వెనక మనిషి సర్దుకుని కూర్చునే దాకా ఆగినట్టు. తర్వాత తొక్కాడు. చౌరస్తా దాకా వెళ్లాడు. తిరిగొచ్చాడు.

"ఏం లేదు సార్. నాతోని రాలె."

దిగాడు. హ్యాండిల్ అప్పగించాడు.

"మీతోని?"

అభిరామ్ చేతుల్లోకి రాగానే సైకిల్ వెనక్కి వాలింది. క్యారియర్ స్ప్రింగు కిర్రుమంది. అతనికి వినపడింది. శేఖర్‌కు వినపడలేదు.

నిజం చెప్పాలంటే... నాతో వస్తోంది, అనాలి. అదీ ఆమె భర్తతో.

"నాతో కూడా లేదండీ," అన్నాడు.

శేఖర్ తల ఊపాడు.

"అయితే పోయినట్టే. నేనే ఉత్తగ పరేషాన్ అవుతున్న."

అతను మెట్రో మెట్ల నీడలోకి నడిచాడు. ఒక్కసారి తిరిగి చూశాడు. మనిషిని కాదు, క్యారియర్‌ను.

అభిరామ్ తొక్కాడు.

గాలి లేదు.

మలుపు వచ్చింది. నెమ్మదించాడు. కుదుపు రాలేదు. ఆగాడు. కాలు నేలకు ఆనించాడు.

కూరగాయలమ్మే కిష్టమ్మ అతని వెనక, క్యారియర్ వైపు చూస్తోంది.

"దిగండి," అన్నాడు అభిరామ్, మెల్లగా. "మీ ఇల్లు వచ్చింది."

క్యారియర్ కదల్లేదు.

ఇంకాసేపు ఆగాడు. తొక్కాడు. మలుపు వెనకబడింది. సందు వెనకబడింది. చంపాపేట్ దీపాలు ముందు.

ఇసుక మీద టైరు — లోతుగా దిగుతూ...