అనసూయ చెవులు

రాజలింగుకు మాటలు తక్కువ. మాజ్రి బొగ్గుబాయిలో అతని పనే వినడం. పొద్దుటి పాళీ వాళ్లు దిగకముందే తాను దిగి, ఇనుప పొన్ను తొడిగిన వెదురు కర్రతో పైకప్పును పొడుస్తూ పోవాలి. ఖంగుమంటే రాయి గట్టిది. డొల్లగా పలికితే ఆ కింద మనిషి నిలబడకూడదు. పదకొండేళ్లలో అతను సరేనన్న కప్పు కింద ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ఆ కర్రను ఎవరి చేతికీ ఇవ్వడు. ఇంటికి తెచ్చుకుని తలుపు మూలన నిలబెడతాడు.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు కూతురు పుట్టింది. ఇరవై ఒకటో నాడు అనసూయ అని పేరు పెట్టి తొట్టెలలో వేశారు. సరిగ్గా ఆ రోజే చాందా జిల్లా మధ్యప్రదేశ్‌ను వదిలి బొంబాయి రాష్ట్రంలో కలిసింది. భార్య భూదేవి పుట్టిల్లు లక్షెట్టిపేట హైదరాబాదు రాష్ట్రాన్ని వదిలి ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. తొట్టెల తాడు పట్టుకున్న పక్కింటి భీమన్న ఊరుకుంటాడా?

"తమ్మీ, నీ బిడ్డ ఒక రాజ్యంల పుట్టి ఇంకో రాజ్యంల తొట్టెలెక్కింది. నడక రాకముందే గింత తిరుగుడైతే, వచ్చినంక ఏడ దొరుకుతది?"

అందరూ నవ్వారు. రాజలింగు మీసం మాత్రం కదిలింది.

కప్పును చూసినట్టే పిల్లను కూడా చూశాడతను, ఒక్క అడుగూ వదలకుండా. రెండో నెలలో లాంతరు ఎటు పోతే ఆ కళ్లు అటు పోయాయి. మూడో నెలలో తన పిడికిలి ఎవరిదో తెలియక దానివైపు కోపంగా చూసింది. బోర్లా పడ్డం ముందు వచ్చింది, తిరిగి వెల్లకిలా పడ్డం మూడు వారాలకు గానీ రాలేదు. ఏడో నెలలో బియ్యపుగింజంత పన్ను మొలిస్తే దానితో మొదట కొరికింది భీమన్న ముక్కునే. పాకడం మొదలుపెట్టింది గానీ వెనక్కే పాకేది. ఎదురుగా ఉన్న గిన్నె కోసం ఏడుస్తూ, దానినుంచి జరిగి జరిగి గోడకు తగిలేది.

ఇవేవీ అతను ఎవరితోనూ అనలేదు. ఇంకొకటి కూడా అనలేదు.

వాళ్లుండే కూలీల ఇళ్ల లైన్ల వెనకనే బాయి సైరను, భోంగా ఉంది. పాళీ మారినప్పుడల్లా అది కూస్తే కొత్తగా వచ్చిన చుట్టాలు చెవులు మూసుకుని కూలబడతారు. అనసూయ రెప్ప కూడా వేయదు. బాయిలో మందు పేలిస్తే అటక మీద గిన్నెలు వణుకుతాయి, పిల్ల వణకదు. ఒకరోజు వెనక నిలబడి ఇత్తడి పళ్లెం జారవిడిచాడు. ఆమె తన కాలి వేలు చప్పరించడం మానలేదు. చప్పట్లు కొట్టాడు. ఖాళీ గాసునూనె డబ్బా వాయించాడు.

"ఏమయ్యో, కోతులొచ్చినయా?" అని బయటినుంచి భూదేవి అరిచింది.

"ఏం లే."

అతని గుండెలో మాత్రం డొల్ల రాయి పలికింది. పని దిగి ఇంట్లోకి అడుగు పెట్టేసరికి పిల్ల ఎప్పుడూ వాకిలివైపే చూస్తూ, రెండు పళ్లతో నవ్వుతూ ఉండేది. చెవులు వినబడకున్నా కళ్లు చురుకే అనుకుని ఎత్తుకునేవాడు.

పదకొండో నెల వచ్చింది. పిల్లకు చెవులు కుట్టించాలని రాజలింగు తల్లి సాయమ్మ పట్టుబట్టి, వరోరా నుంచి ఔసలి సారయ్యను పిలిపించింది. రాజలింగుకు ఆనాడు సెలవు. సారయ్య పెట్టె విప్పి, సూదీ బంగారు తీగా తీసి పసుపు అడిగాడు. రాజలింగు వచ్చి పిల్లను భుజానికెత్తుకున్నాడు.

"వద్దు."

"ఎందుకురా?" అంది సాయమ్మ.

"వద్దంటే వద్దు."

"బంగారం నాది, బిడ్డ చెవులు బిడ్డవి. నడుమ నీకేం నొప్పిరా కొడుకా?"

"వినబడని చెవులకు బంగారమెందుకే అవ్వా!"

ఆ నెలలో అతను మాట్లాడిన పెద్ద మాట అదే. సారయ్య సూది కింద పెట్టాడు.

"ఎవ్వలకు వినబడది?" అంది భూదేవి.

పళ్లెం, డబ్బా, భోంగా, ఒక్కొక్కటే చెప్పాడు. భూదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాడు. చూస్తే నవ్వు.

"భోంగాకు ఈ లైన్ల ఎవ్వలు ఉలికిపడ్తరయ్యా? నా కడుపుల ఉన్నకాన్నుంచి వింటున్నదది. నువ్వు ఉలికిపడ్తవా?"

రాజలింగు ఆలోచించాడు. నిన్న మధ్యాహ్నం భోంగా కూసిందో లేదో గుర్తు రాలేదు.

"మరి నువ్వొచ్చేటాల్లకు వాకిలి దిక్కెందుకు చూస్తదనుకున్నవ్?"

"వెలుగుకు."

"వెలుగా! నువ్వు లైను మొదట్ల గుంజను కర్రతోని కొట్టంగనే గిన్నె పారేసి తిరుగుతది."

"నేను కొడ్తనా?"

"అయ్యో, వరుసగ ఎనిమిదిండ్ల గుంజలు కొట్టుకుంటనే వస్తవ్ గదరా," అంది సాయమ్మ. "ఇండ్లు కూడా కూలుతయని నీకు భయం."

పదకొండేళ్లుగా తన చేయి చేస్తున్న పని అతనికే తెలియదు. అయినా ఇంకొకరి మాట మీద కప్పును సరే అనే మనిషి కాదు. పిల్లను కింద కూచోబెట్టాడు. మూలనున్న కర్ర తెచ్చి భూదేవి చేతిలో పెట్టాడు.

"పో. మొదటి ఇంటికాడ కొట్టు."

ఆ కర్ర వంక, మొగుడి వంక చూసి ఆమె బయటికి వెళ్లింది.

పిల్ల సారయ్య పెట్టెలో చేయి పెట్టింది. ఇంతలో రెండు గంటల భోంగా కూసింది. సారయ్య చెవులు మూసుకున్నాడు. అనసూయ తల ఎత్తలేదు. భోంగా ఆగింది.

దూరంగా, టక్.

పిల్ల చేయి ఆగింది. ఇంకో టక్. పెట్టె వదిలి వాకిలివైపు తిరిగి, రెండు పళ్లూ బయటపెట్టింది. అప్పుడు కనిపించాడు పక్కనే కూచున్న తండ్రి. ఆ నవ్వు సగంలో నిలిచిపోయింది. వాకిలి వంక చూసింది, తండ్రి వంక చూసింది, మళ్లీ వాకిలి వంక. కింది పెదవి ముందుకొచ్చింది.

"నాయన ఈడ్నే కూసుండె, ఆడ వచ్చే నాయన ఎవ్వలు అంటున్నది చూడు!" అని సాయమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

రాజలింగు కళ్లు తుడుచుకుని, పిల్లను ఒళ్లో కూచోబెట్టుకుని, ఆ చిన్న తలను తానే పట్టుకున్నాడు.

"కుట్టు."

సూది దిగగానే అనసూయ పెట్టిన కేకకు లైనంతా బయటికొచ్చింది. భీమన్న చేతిలో అన్నం ముద్దతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది తమ్మీ?"

"ఏం లేదన్నా," అన్నాడు రాజలింగు, చెవి దగ్గర ఆ కేక మోగుతుండగా. "కప్పు గట్టిగున్నది."