ముగ్గుతో పోసిన ఇల్లు

అప్పలసూరి వంటగది మూలన మేకు దిగ్గొట్టి, నూలుతాడు బిగలాగి, తాడు వెంబడే గుప్పిట్లోంచి సన్నగా ముగ్గు వదిలాడు. దువ్వాడ కొత్త లేఅవుట్లలో లేచిన ఇళ్లలో సగం, పునాది తవ్వకముందు, ఆ గుప్పిట్లోంచి జారినవే. మేస్త్రీ పేరు అందరికీ గుర్తుంటుంది. ముగ్గు పోసినవాడి పేరు ఎవరికి కావాలి? యాభై దాటిన బక్కపలచని మనిషి, చొక్కా జేబు మీద ఎప్పుడూ తెల్లటి వేలిముద్రలు. పునాది ముగ్గులో గుమ్మాలు చూపించక్కర్లేదు. అయినా గుమ్మం ఉండేచోట మూడడుగులు ఖాళీ వదులుతాడు, తనూ అందులోంచే నడుస్తాడు. అదో పిచ్చి.

తాడు చుడుతూ జేబు తడుముకున్నాడు. సెల్లు లేదు.

భీమిలిలో అక్క జోగమ్మ మంచాన పడి నెలయింది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. రెండు రోజులుగా తెలివి లేదు. నిన్నంతా పక్కనే కూర్చుని, ముహూర్తం తప్పకూడదని ఈ పొద్దున పనికొచ్చాడు. "తెలివొస్తే ఫోన్ సేత్తాను మావా, ఓ మాట మాటాడుదువుగాని," అన్నాడు మేనల్లుడు గంగరాజు. రెండు బస్సులు మారి వెళ్లేసరికి ఆ తెలివి నిలుస్తుందో లేదో. గంగరాజు నంబరేమో సెల్లులోనే ఉండిపోయింది.

ఇంటి యజమాని అర్జునరావు తన ఫోనుతో రింగిచ్చాడు. చప్పుడు లేదు. నిన్న అక్క పక్కన కూర్చున్నప్పుడు అప్పలసూరి మోగకుండా పెట్టి, మళ్లీ మార్చడం మరిచిపోయాడు.

అప్పలసూరి వీధి గుమ్మంలోంచి హాల్లోకి, అక్కణ్ణించి పడగ్గదిలోకి వంగి వంగి వెతికాడు. మళ్లీ హాల్లోంచే తిరిగొచ్చి వంటింట్లోకి వెళ్లాడు.

"ఏటి బావా నీ సాదస్తం! గోడల్లేవు కదా, గెంతీసెల్లు," అన్నాడు అర్జునరావు.

"గోడుందనుకుంటేనే కదా బావా ముగ్గు పోసింది."

"పోనీ ఆ కాయితం తియ్యి. ఏ గది ముందు పోసావో సూసుకో."

ప్లాను ఒకసారి చూస్తే అతనికి కళ్లలో ఉండిపోతుంది. అందుకే పొద్దున మడిచి సంచీలో పెట్టినది మళ్లీ తీయలేదు. ఇప్పుడు విప్పాడు. మడతలోంచి సెల్లు జారి కాళ్ల దగ్గర పడింది. పొద్దున గాలికి ఎగరకుండా కాగితం మీద బరువుగా పెట్టి, దాంతోపాటే మడిచేసింది తనే!

గంగరాజు ఆరుసార్లు చేశాడు. తిరిగి ఆ నంబరే నొక్కాడు.

"ఎక్కడికెల్లిపోనావు మావా? ఇదిగో, అమ్మ."

"సూరీ... తిన్నావేట్రా?"

"తిన్నానప్పా," అని అక్కకి అబద్ధమాడాడు.

"ఎక్కడున్నావు?"

చుట్టూ చూశాడు. "వంటింట్లో."

"పొగ లేదా?"

అక్క వంటింటికి కిటికీ లేదు. నలభై ఏళ్లు ఆ పొగలోనే దగ్గుతూ వండింది. ఊరందరి ఇళ్లకూ ముగ్గు పోసినవాడు ఆ గోడకో కిటికీ పెట్టించలేకపోయాడు.

"లేదప్పా. తూరుపేపు కిటికీ ఉంది. గాలొస్తంది."

"మంచిదిరా," అంది జోగమ్మ. తర్వాత ఊపిరి ఒక్కటే వినిపించింది.

భీమిలి బస్సు రుషికొండ దాటుతుండగా గంగరాజు మళ్లీ చేశాడు. "మావా" అని ఆగిపోయాడు. అప్పలసూరికి తెలిసిపోయింది. కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. మాట దక్కింది, అది చాలనుకున్నాడు.

సాయంత్రం అర్జునరావు ప్లాను పట్టుకుని ముగ్గంతా సరిచూసుకున్నాడు. ఎక్కడా అంగుళం తేడా లేదు. వంటగది తూర్పు గీత మీద మాత్రం కాగితంలో లేని రెండు చిన్న అడ్డగీతలు, వాటి మధ్య ముగ్గంతా వేళ్లతో తుడిచేసిన రెండడుగుల ఎర్రమట్టి.