నాలుక చార్టు

ఐడియా సారు పాఠం చెప్పడం మానేసి మూడేళ్లయింది. ఆ సంగతి ఆయనే గర్వంగా చెప్పుకునేవాడు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. "చెప్పడం పాతకాలపు పద్ధతి. పిల్లలు తామే కనుక్కోవాలి" అనేవాడు. డిగ్రీ మొదటి సంవత్సరం బయాలజీ పిల్లలు కుర్చీలు గుండ్రంగా వేసుకుని, రంగు కాగితాల మీద ఏదో గీకి గోడలకు అంటించి, ఒకరికొకరు చప్పట్లు కొట్టుకుని, గంట కాగానే వెళ్లిపోయేవారు. ఏం కనుక్కున్నారో వాళ్లకే తెలియాలి. గోడల మీద జిగురు మరకలు గోకే పని మాత్రం ల్యాబమ్మది.

ల్యాబమ్మ అంటే ఆ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న అటెండరు. స్లైడ్లు కడుగుతుంది, ఉల్లిపాయల్ని నీళ్ల గ్లాసుల మీద నిలబెట్టి వేళ్లు మొలిపిస్తుంది, మైక్రోస్కోపులు తుడిచి గుడ్డ కప్పుతుంది. రిటైరైపోయిన పాత మేడం సుద్దముక్కతో కణం బొమ్మ గీసి, చెప్పిందే నాలుగుసార్లు చెప్పేది. పక్క గదిలో బీకర్లు కడుగుతూ విని విని ల్యాబమ్మకు సగం బయాలజీ వచ్చేసింది. ఐడియా సారు వచ్చాక ఆమె కొత్తగా నేర్చిన విద్య జిగురు వదిలించడం ఒక్కటే.

ఈ ఏడు ఆమె కూతురు ఆ క్లాసులోనే చేరింది. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి పిల్ల. ఆ పిల్లకు సారు మాటంటే వేదవాక్కు.

బోధనలో కొత్తదనానికి ఇచ్చే అవార్డు కోసం గురువారం కమిటీ వస్తోంది. అందుకని సారు 'మీ ఇల్లే మీ పాఠ్యపుస్తకం' అనే పద్ధతి కనిపెట్టాడు. నాలుక అంచులు పైకి మడిచి గొట్టంలా చుట్టడం కొందరికి వస్తుంది, కొందరికి రాదు. అదంతా ఒకే ఒక్క జన్యువు పని అనీ, అమ్మానాన్నలిద్దరికీ రాకపోతే బిడ్డకు రానే రాదనీ ఆయన ఎక్కడో చూసిన కాగితంలో ఉంది. ఇంట్లో ఎవరికి వస్తుందో చూసి చార్టు గీసుకు రమ్మన్నాడు. ల్యాబమ్మకు రాదు. ఆమె మొగుడికీ రాదు. కూతురికి వచ్చు. అబద్ధం రాయడం చేతకాని పిల్ల, ఉన్నదున్నట్టు గీసుకెళ్లింది.

సోమవారం గోడకు అంటించిన ఆ చార్టు ముందు సారు ఆగాడు.

"ఆహా, ఇంట్రెస్టింగ్! అమ్మకు రాదు, నాన్నకు రాదు, అమ్మాయికి వచ్చేసింది. దీనర్థం ఏంటి? నేను చెప్పను. మీరే కనుక్కోండి!"

"పక్కింటాయన నాలుక కూడా చూడాలి సార్!" అన్నాడు వెనక వరసలో ఒకడు.

క్లాసు గొల్లుమంది. సారు కోప్పడలేదు. "క్రిటికల్ థింకింగ్ అంటే ఇదే! అందరూ చప్పట్లు!" అన్నాడు. అరవై మందీ కొట్టారు.

పక్క గదిలో ల్యాబమ్మ చేతిలో బీకరు అలాగే ఉండిపోయింది. కుళాయి నీళ్లు పొర్లిపోతున్నా కట్టలేదు. వెళ్లి ఆ సారు చెంప వాయించాలనిపించింది. కానీ కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఆగిపోయింది.

సాయంత్రం బస్సు డ్రైవరు డ్యూటీ దిగి మొగుడు ఇంటికొచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలు ఎగతాళి చేసే మనిషి.

"నాన్నా, ఇంకోసారి నాలుక చుట్టి చూపించు" అంది కూతురు.

అతను కళ్లు మూసుకుని, బుగ్గలు బిగించి ప్రయత్నించాడు. వేళ్లతో అంచులు పైకి నొక్కి పట్టాడు. వదలగానే నాలుక చాపలా పరుచుకుంది. నవ్వేశాడు. పిల్ల ఏడుస్తూ లోపలికి పోయింది.

"ఏమైందే దానికి?"

"పరీక్షల బెంగ" అంది ల్యాబమ్మ. పెళ్లయ్యాక అతనికి ఆమె చెప్పిన పెద్ద అబద్ధం అదే.

వంటింట్లో కూతురు ఆమె మొహంకేసి చూడకుండా అడిగింది. "అమ్మా, నిజం చెప్పు. నేను ఎవరి కూతుర్ని?"

"నోర్మూసుకో! మీ నాన్న ముక్కు, మీ నాన్న నుదురు, ఆ నడక కూడా ఆయనదే. ఇంకేం కావాలే నీకు?"

"ముక్కులు కాదమ్మా. సైన్సు అలా చెబుతోంది."

ఇరవై రెండేళ్లు ఆ సైన్సు గిన్నెలు తోమిన చేతులు ల్యాబమ్మవి. వాటికేసి చూసుకుంది. పరాయివాళ్లు నవ్వినందుకు కాదు, కన్నబిడ్డ అనుమానించినందుకు ఆమెకు ఏడుపొచ్చింది. ఆ పూట నుంచి పిల్ల తండ్రిని నాన్నా అని పిలవడం మానేసింది. "అన్నం పెట్టాను, తినమను" అని గోడకు చెప్పేది.

మంగళవారం ల్యాబమ్మ సారు గదికి వెళ్లింది. "సార్, నా కూతురి చార్టు తీసేయండి. కమిటీ ముందు మా సంసారం గోడకెక్కడం నాకిష్టం లేదు."

"అమ్మా, అసౌకర్యం లోంచే జ్ఞానం పుడుతుంది" అన్నాడు ఆయన, కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండా. "అదొక్కటే తేడాగా ఉన్న చార్టు. అది తీసేస్తే కమిటీకి నేనేం చూపించాలి?"

"మరి ఆ కాగితంలో ఉన్నది నిజమేనా సార్?"

"నిజమే. అన్ని కాలేజీల్లోనూ చేయిస్తున్నారు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆమె వెనక్కి వచ్చేసింది.

బుధవారం సారు ఆమెకు ఇంకో పని పురమాయించాడు. రెండో సంవత్సరంలో ఇద్దరు కవలలు ఉన్నారు. అందరూ వాళ్లను జిరాక్సులు అంటారు. వాళ్ల ఫొటో ఒకటి పెద్దది చేయించి, నాలుక చార్టులకు ఎదురు గోడ మీద అంటించమన్నాడు. కింద లావుపాటి అక్షరాలు: 'ఒకే అండం చీలి పుట్టినవాళ్లు. ఇద్దరి జన్యువులూ అచ్చు ఒకటే.'

జిగురు రాస్తున్న ల్యాబమ్మ చెయ్యి ఆగింది.

కన్నతల్లి కూడా తికమకపడే ఆ ఇద్దర్నీ కాలేజీ మొత్తం మీద తడుముకోకుండా గుర్తుపట్టేది ఆమె ఒక్కతే. స్లైడు పగిలితే ఎవర్ని తిట్టాలో తెలియాలి కదా! పెద్దాడు మైక్రోస్కోపు మర తిప్పేటప్పుడు నాలుక బయటపెట్టి గొట్టంలా చుడతాడు. చిన్నాడూ నాలుక బయటపెడతాడు గానీ, ఎంత తంటాలు పడినా అది మడత పడదు. రెండేళ్లుగా ఆమె ఆనవాలు అదే.

ఆమె మిగతా జిగురు చాలా శ్రద్ధగా రాసింది. నాలుగు మూలలా నొక్కి మరీ అంటించింది.

గురువారం కమిటీ వచ్చింది. ఇద్దరు మగవాళ్లు, తెల్లజుట్టు మేడం ఒకావిడ. సారు కోటు వేసుకొచ్చాడు. పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. ఫొటో పక్కన జిరాక్సులు నిలబడ్డారు. ల్యాబమ్మ కూతురు తన చార్టు కింద తల దించుకుని కూర్చుంది.

"మా క్లాసులో పెద్దా చిన్నా లేదు. అటెండరు కూడా ప్రశ్న అడగొచ్చు!" అన్నాడు సారు, మంచినీళ్లు తెచ్చిన ల్యాబమ్మ వైపు చెయ్యి చాపి. "అడగండమ్మా, ఏదైనా!"

ఆమె ట్రే బల్ల మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నాయనా, ఇద్దరూ ఒకసారి నాలుక చుట్టండి."

పెద్దాడిది గొట్టమైంది. చిన్నాడిది చాపలా పడుంది. చిన్నాడు మెడ నరాలు ఉబ్బేదాకా ప్రయత్నించాడు, రాలేదు.

"సార్, ఇద్దరి జన్యువులూ ఒకటేనని ఈ గోడ చెబుతోంది. నాలుక జన్యువు పనేనని ఆ గోడ చెబుతోంది. మరి వీళ్లిద్దరిలో పక్కింటాయన కొడుకు ఎవరు సార్?"

ఎవరూ నవ్వలేదు. సారు నోరు తెరిచాడు.

"మీరు చెప్పకండి సార్" అంది ల్యాబమ్మ. "మమ్మల్నే కనుక్కోనివ్వండి."

తెల్లజుట్టు మేడం కళ్లజోడు తీసింది. "నాలుక సంగతి ఒక్క జన్యువుతో తేలేది కాదని ఎప్పుడో తేల్చేశారు కదండీ. మీరు చూడలేదా?"

"పిల్లలే కనుక్కుంటారని వదిలేశాను మేడం."

కూతురు లేచింది. గోడ మీది తన చార్టు పీకి, నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచుకుంది. చప్పట్లు కొట్టమని ఎవరూ చెప్పలేదు.

అవార్డు సారుకే వచ్చింది. మేడం వద్దన్నా మిగతా ఇద్దరూ సరేనన్నారు. అటెండర్లను సైతం బోధనలో భాగం చేస్తున్నారని మెచ్చుకున్నారు. సిగ్గు లేనివాళ్లకు ఏ గోడ మీదైనా జిగురు అంటుతుంది.

సాయంత్రం వంటింటి గడపలో కూతురు నిలబడింది. "తప్పయిపోయిందమ్మా."

"గోడ మీది కాగితం మాట నమ్మావు. కన్న నా మాట నమ్మలేదు" అంది ల్యాబమ్మ. ఆ ఒక్క మాటకే పిల్ల మొహం వాడిపోయింది.

అంతలో మొగుడు బస్సు దిగి చెప్పులు కూడా విడవకుండా లోపలికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మడూ, ఇలా చూడు! మూడు రోజుల నుంచి బస్సు ఆగినప్పుడల్లా అద్దంలో ఇదే పని. ప్రయాణికులు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు."

నాలుక చాపాడు. అంచులు వణుకుతూ లేచాయి. ఒకటి జారింది. మళ్లీ లేపాడు. వంకరటింకర గొట్టం ఒకటి తయారై, ఒక్క క్షణం నిలబడింది.

"ఇది రాలేదనేగా ఏడ్చావు? ఇప్పుడు సరిపోయిందా?"

"నాన్నా" అంది పిల్ల.