మూడో పాటకీ అక్కే

ఆ ఓడలో వయసుకో అంతస్తు కట్టారు. అన్నిటికన్నా పైన, ఈతకొలను చుట్టూ, కుర్రకారు. అక్కడ పొద్దున్నే డప్పులు మొదలవుతాయి. దాని కింద పిల్లల అంతస్తు. గోడల నిండా చేపల బొమ్మలు, ఒకటే పాట, అది అయిపోతే మళ్ళీ అదే. అట్టడుగున తివాచీ పరిచి, పసుపు దీపాలు పెట్టి, కిటికీలకు మందపాటి తెరలు వేసి, ముసలివాళ్ళకొక హాలు ఇచ్చారు. అందులో ఒక పియానో, ఒక వయొలిన్, ఊపిరి ఆగిపోతున్నట్టు పాడే ఒకావిడ. అరవై దాటితే నెమ్మదైన పాటలే నచ్చుతాయని, ముసలితనం ఇంకా చూడనివాడెవడో తేల్చేశాడు.

నాకు ఆ హాల్లో సగం వినబడదు. జీవితమంతా కోతమిల్లు నడిపాను. సన్నని చప్పుళ్ళన్నీ పెద్దరంపం కోసుకుపోయింది. ఎదురుగా నిలబడి గట్టిగా అంటే మాట తెలుస్తుంది. వయొలిన్ మాత్రం వాడు చెయ్యి ఆడించడం కనబడుతుంది, అంతే. పైన డప్పులైతే అరికాళ్ళలోంచి ఎక్కి పళ్ళదాకా వస్తాయి. నా జాగా పైనేనని మేనకోడలితో అంటే నవ్వింది.

“పైన అందరూ నిక్కర్లేసుకుంటారు మామయ్యా.”

“నేనూ వేసుకుంటా.”

“వద్దు బాబోయ్. మా ఆయన ఆఫీసువాళ్ళు కూడా ఉన్నారు.”

ఈ ప్రయాణం ఆమె పన్నాగమే. ఆమె నా అక్క కూతురు. నా భార్య పోయినప్పటి నుంచి అక్క నా ఇంట్లో ఉంటోంది. బావ అంతకు ముందే పోయాడు. ఇద్దరికి రెండు పొయ్యిలెందుకని నేనే తీసుకొచ్చాను. ఇప్పుడు మేనకోడలికి హఠాత్తుగా అమ్మ గుర్తొచ్చింది. మొగుడూ పెళ్ళాం ఉద్యోగాలకు పోతే, పిల్లలు బడి నుంచి వచ్చేసరికి తలుపు తీసే మనిషి లేదు. ఆ మాట మాత్రం అనదు. “అమ్మకి కాస్త గాలి మార్పు” అంటుంది. ఓడ దిగేలోపు అక్క తేల్చాలి: నా ఇంటికా, కూతురింటికా. పక్కన లేకపోతే అక్కను ఎత్తుకుపోతుందని నేనూ ఎక్కాను. లేకపోతే నీళ్ళ మీద నాకేం పని?

మొదటి మధ్యాహ్నమే హాల్లోకి తెల్లకోటు వాడొకడు వచ్చాడు. యాభై దాటి ఉంటాడు. కర్ర మింగినట్టు నిటారుగా ఉన్నాడు, బూట్లలో ముఖం చూసుకోవచ్చు. మా బల్ల దగ్గరికి వచ్చి, నేనక్కడ లేనట్టే అక్కకు చెయ్యి చాచాడు.

“ఆడతారాండీ?”

“ఆవిడకి మోకాళ్ళ నొప్పి,” అన్నాను.

“నా మోకాళ్ళ గోల నీకెందుకురా,” అని అక్క లేచింది.

ఇంట్లో మేడ మెట్లెక్కమంటే రెండు మెట్లకోసారి దేవుణ్ణి పిలిచే మనిషి. ఆ తివాచీ మీద గుండ్రంగా తిరిగింది. వాడు ఆమె చెవి దగ్గర ఏదో చెబుతున్నాడు. ఆమె నవ్వుతోంది. నా ఇంట్లో అక్క నవ్వలేదని కాదు. నవ్వితే నన్ను చూసి నవ్వేది.

పాట అయ్యాక వచ్చి కూర్చుంది. చెమట తుడుచుకుంది.

“సిగ్గు లేదూ?” అన్నాను.

“ఉండేది. నీ ఇంట్లోనే ఎక్కడో పెట్టి మర్చిపోయినట్టున్నా.”

“ఎవడు వాడు?”

“ఎవరైతేనేం. నా కాలు తొక్కలేదు. మీ బావ పెళ్ళైన కొత్తలో ఒక్కసారి ఆడి, నా బొటనవేలి గోరు ఊడగొట్టాడు. మళ్ళీ ఆడలేదు.”

మర్నాడూ వాడే. ఆ మర్నాడూ వాడే. అక్క భోజనం తొందరగా ముగించడం మొదలుపెట్టింది. జుట్టు విప్పి మళ్ళీ కట్టుకునేది. ఆ హాల్లో ఒంటరిగా కూర్చున్న ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. గోడవార కుర్చీలో నీలం శాలువా కప్పుకున్న ఒకావిడ అయితే వాడు దగ్గరికి వచ్చినప్పుడల్లా సగం లేచి, మళ్ళీ కూర్చునేది. ఆ రోజు వాడు అక్కతో ఒక పాట ఆడాడు. రెండోది మొదలైంది, వదల్లేదు. మూడోదీ అక్కతోనే. తల వంచి చెవిలో గొణుగుతూనే ఉన్నాడు. అక్క కళ్ళు మూసుకుంది.

నీలం శాలువావిడ నా వైపు తిరిగి, “మీ ఆవిడాండీ?” అని అరిచింది.

“అక్క.”

“మిగతావాళ్ళ వంతు కూడా ఆవిడే మింగేస్తోంది. కాస్త చెప్పండి.”

చెప్పదలచుకున్నాను. అక్కకు కాదు.

హాలు పక్కన అద్దాల గదిలో మేనేజరమ్మ ఉంటుంది. గోడకు పెద్ద పటం ఒకటి. ఏ పూట ఏ వయసుకు ఏ పాటో రంగుల్లో గీసి ఉంది. నా చూపు అటు పోవడం గమనించి, అడక్కపోయినా మొదలుపెట్టింది.

“పొద్దున పిల్లలకి చప్పట్ల పాటలు సార్. పగలంతా పైన బీట్. మధ్యాహ్నం మీలాంటి పెద్దవాళ్ళకి మెలోడీ. ఆ టైములో మీకు కాస్త కునుకు పట్టినట్టుంటుంది కదా.”

“మాకు నిద్రొస్తుందని ఆ పాట పెడతారా, ఆ పాట పెట్టాక నిద్రొస్తుందా?”

ఆమె మర్యాదగా నవ్వింది. జీతంలో నవ్వు కూడా కలిపి ఇస్తారనుకుంటాను.

“మీ హాల్లో ఒక తెల్లకోటు వాడు మా అక్క వెంట పడుతున్నాడు,” అన్నాను.

“అయ్యో, ఆయన మా మనిషే సార్. తోడు లేకుండా వచ్చిన లేడీస్‌తో ఆడటానికే పెట్టుకున్నాం. వెంట పడటం లాంటిదేం ఉండదు. వంతులవారీగా ఆడాలి. ఒకరితో వరసగా రెండో పాట ఆడకూడదు, అందరి వంతూ అయ్యాకే మళ్ళీ.”

“జీతానికా?”

“జీతానికే సార్.”

నాకు కడుపు నిండింది.

“అయితే వినండి. ఇవాళ వరసగా మూడు పాటలు. మూడో పాటకీ మా అక్కే. గోడవార కూర్చున్నావిణ్ణి అడగండి, నా మాట మీద నమ్మకం లేకపోతే.”

ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది. నేను బయటికి వచ్చేశాను.

అక్క మంచినీళ్ళు తాగుతోంది. ఎదురుగా కూర్చుని, తొందరపడకుండా చెప్పాను.

“నీ తెల్లకోటు జీతగాడే. ముసలమ్మల్ని తిప్పడం వాడి ఉద్యోగం.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“మొదటిరోజే చెప్పాడు. కోటు మీద ఓడ బిళ్ళ కూడా పెట్టుకున్నాడు కదరా. కాఫీ తెచ్చేవాడికి ఆ బిళ్ళే ఉంటే వాణ్ణి పనివాడంటావు. ఇతన్ని మాత్రం పెళ్ళికొడుకుని చేశావా?”

“మరి చెవిలో ఏం ఊదుతున్నాడు?”

“ఒకటి, రెండు, మూడు. లెక్క. వెనక్కి తిరిగే అడుగు నాకు పట్టుబడటం లేదు. ఇంకోసారి, ఇంకోసారి అని నేనే వదల్లేదు. అవతల ఆవిడ చూస్తోందమ్మా అని అన్నాడు కూడా.” గ్లాసు కింద పెట్టింది. “మూడోసారికి వచ్చింది. చూశావా?”

“చూశాను. చూసిందే మేనేజరమ్మకి చెప్పాను.”

అక్క తిట్టలేదు. లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు హాల్లో తెల్లకోటు లేడు. పియానో మోగుతోంది, ఆడేవాళ్ళు లేరు. ఆడవాళ్ళందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, దంతవైద్యుడి దగ్గరికి వచ్చినట్టు కూర్చున్నారు. నేను పైకి పోయాను. ఈతకొలను గట్టున డప్పులు ఉతికేస్తున్నాయి. మేనకోడలి మొగుడు తడినిక్కరుతో గంతులేస్తున్నాడు, పొట్ట ఒక తాళం, కాళ్ళు ఒక తాళం. మూలన బల్ల దగ్గర తెల్లకోటు వాడు కోటు లేకుండా తువ్వాళ్ళు మడిచి కుర్రాళ్ళకు అందిస్తున్నాడు. వాడి మడత కూడా నిటారుగానే ఉంది. నన్ను చూసి తల వంచాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

అక్క అక్కడికే వచ్చింది. మెట్లన్నీ ఎక్కి, ఆయాసపడుతూ. డప్పుల మీద నుంచి అరవాల్సి వచ్చింది. ఆమె అరిచింది.

“రేపు రేవులో దింపేస్తారట అతన్ని! ఉద్యోగం పీకేశారు!”

“రూలు తప్పితే పీకరా?”

“నేనే అడిగానని చెప్పాను. ఒప్పుకోలేదు. ఫిర్యాదు చేసినవాళ్ళే వచ్చి వెనక్కి తీసుకోవాలంట. పద. పొరపాటు పడ్డానని చెప్పు.”

“పొరపాటు పడలేదుగా. మూడు పాటలు. అబద్ధమా?”

“నిజమే. నిజం పెట్టి అతని పొట్టమీద కొట్టావు.”

“రూలు వాళ్ళది. నేనేం గీశానా ఆ పటం?”

మేనకోడలి మొగుడు గంతులు ఆపి, “ఏమైందత్తయ్యా?” అని అరిచాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు మమ్మల్ని చూస్తున్నారు. అక్క నా కుర్చీ చెయ్యి పట్టుకుని వంగింది.

“ఒరేయ్, ఒక్కటే చెబుతా. రేవు వచ్చేలోపు నువ్వు ఆ మాట వెనక్కి తీసుకో. తీసుకుంటే నీతో ఇంటికొస్తా. ఎప్పట్లాగే. కూతురికి నేను చెప్పుకుంటా. తీసుకోకపోతే నీ గడప తొక్కను.”

అక్క ఉత్తమాట అనదు. చిన్నప్పుడు ఒకసారి నాతో మాట్లాడనని చెప్పి, వరికోతలు మొదలై ముగిసేదాకా మాట్లాడలేదు. మేనకోడలు ఓడ టిక్కెట్లు కొని సాధించలేనిది, నాకు రెండు మాటలకు దొరుకుతోంది. పొరపాటు పడ్డాను. ఇంతే. ఇంట్లో అక్క ఉంటుంది. వంటకు మనిషి దొరుకుతుంది. నన్ను ఒరేయ్ అనే మనిషి దొరకదు.

కిందికి దిగాను. అద్దాల గది తలుపు దాకా వెళ్ళాను. మేనేజరమ్మ తలెత్తింది.

“చెప్పండి సార్.”

నోరు తెరిచాను. నా భార్య ఉన్నన్నాళ్ళూ నేను అన్న మాట వెనక్కి తీసుకోలేదు. మొదట్లో అడిగేది, తర్వాత మానుకుంది. కట్టుకున్నదానికి చెయ్యనిది, ఆడవాళ్ళను తిప్పి పొట్టపోసుకునేవాడి కోసం చెయ్యాలా? చూసిందే చెప్పాను. చూడలేదని చెబితే ఈ వయసులో అబద్ధాలకోరునవుతాను. అదీ ఒక నవ్వుల జీతగత్తె ముందు.

“ఆ హాల్లో ఏసీ తగ్గించండి,” అన్నాను. “కాళ్ళు లాగేస్తున్నాయి.”

“తప్పకుండా సార్.”

మర్నాడు రేవులో వాడు చేతిపెట్టెతో దిగాడు. అక్క రెయిలింగ్ దగ్గర నిలబడి చూసింది. వాడు కింద నుంచి ఆమెకు చెయ్యి ఊపాడు. అక్క రెండు చేతులూ ఊపింది. పెట్టె కింద పెట్టి, వాడు అక్కడికక్కడే వెనక్కి తిరిగే అడుగొకటి వేసి చూపించాడు. అక్క పైన అదే వేసింది. తప్పు లేకుండా వేసింది. రేవులో కూలీలు నవ్వారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మేనకోడలు ముఖం పండగలా ఉంది. సంగతంతా మొగుడు చేరవేసినట్టున్నాడు.

“అయితే అమ్మా, దిగి అట్నుంచటే మా ఇంటికి. నీ సామాను తర్వాత తెప్పిద్దాం.”

“నీ ఇంటికీ రాను,” అంది అక్క.

“అదేంటి? మామయ్య మీద కోపమైతే నేనేం చేశా?”

“నువ్వేం చెయ్యలేదు. నా గదికి ఏ రంగు వేయించావో చెప్పావు. పిల్లల బడి ఎన్నింటికి వదుల్తారో చెప్పావు. నాకిక్కడ ఎలా ఉందని ఒక్కసారి అడిగావా?”

అప్పుడు చూశాను. అక్క పక్కన నీలం శాలువావిడ కూర్చుని ఉంది, రొట్టెకు వెన్న రాస్తూ. ముందురోజు, తెల్లకోటు హాలుకు రాని మధ్యాహ్నం, వీళ్ళిద్దరూ హాల్లో పెద్దగా పోట్లాడుకున్నారట. మీవల్లే పోయాడని ఆవిడ, మీరు కుర్చీలోంచి లేచి అడిగి ఉంటే నేను వదిలేదాన్ని కదా అని అక్క. పోట్లాట ముగిసేసరికి ఇద్దరిదీ ఒకే ఊరని తేలింది.

“ఈవిడ ఇంటి మేడ మీద వాటా ఖాళీగా ఉంది,” అంది అక్క. “అద్దెకి తీసుకుంటున్నా.”

“మేడ మీదా?” అన్నాను. “నీ మోకాళ్ళతో?”

నీలం శాలువావిడ రొట్టె కొరికి, నా వైపు చూడకుండానే గట్టిగా అంది. “మెట్లు తక్కువేనండీ. మనుషులూ తక్కువే.”

“మరి పిల్లలు బడి నుంచొచ్చి ఎవర్ని చూస్తారమ్మా?” మేనకోడలి గొంతు ఇప్పుడు పైకొచ్చింది.

“తలుపుని చూస్తారు. తాళంచెవి ఇచ్చి పంపు.”

అక్కా ఆవిడా లేచారు. హాల్లో మధ్యాహ్నం పాటలు మొదలయ్యే వేళైంది. మగతోడు లేకపోతే ఇద్దరూ ఒకరితో ఒకరు ఆడతారట. మగాడి అడుగులు ఎవరు వెయ్యాలన్న దాని మీద అప్పుడే వాదించుకుంటూ పోయారు. అక్క వెనక్కి తిరిగి చూడలేదు.

బల్ల దగ్గర నేనూ మేనకోడలూ మిగిలాం.

“ఇదంతా నీవల్లే,” అంది. “రెండు మాటలు అనేస్తే నీ నోరు అరిగిపోయేదా?”

“అంటే నా ఇంటికొచ్చేది. అందులో నీకేం ఒరిగేది?”

“నీ ఇంట్లో ఎన్నాళ్ళుంటుంది? ఎప్పుడో ఒకప్పుడు నీతో విసిగి నా దగ్గరికే వచ్చేది.”

“నీ ఇంటికి పోతే నీతో విసిగి నా దగ్గరికి వచ్చేస్తుందని నేనూ అనుకున్నాను.”

ఆమె గిన్నె పక్కకు నెట్టి లేచిపోయింది. నేను నా సూపు తాగి చూశాను. చల్లారిపోయింది. వడ్డించేవాణ్ణి పిలిచి, వేడిది తెమ్మన్నాను.