వెన్నెల బిళ్ళల హస్తవాసి

ఆ ఇంటి కోడలిది గొప్ప హస్తవాసి అని బంధువర్గమంతా నమ్మేది. ఆమె చేసిన కరుగుబిళ్ళ ఒకటి వేడినీళ్ళలో వేసి పాదాలు పెట్టుకుంటే ఎంతటి నొప్పయినా చేత్తో తీసేసినట్టు పోతుందనీ, అదే బిళ్ళ ఇంకొకరు చేస్తే పనిచెయ్యదనీ చెప్పుకునేవారు. మహిమ బిళ్ళది కాదు, చేతిది అన్నమాట.

ఈ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆ ఇంటి ఆడపడుచు మూతి మూడు వంకరలు తిప్పేది. ఆమెకు మందుల దుకాణం ఉంది. చిటికెడు పొడినైనా తూచనిదే పొట్లం కట్టదు కనుక ఇంటిల్లిపాదీ ఆమెను తూనికమ్మ అనేవారు.

నిజానికి ఆమె బాధ బిళ్ళల గురించి కాదు. తల్లి ఉద్యోగకాలమంతా తరగతి గదుల్లో నిలబడి పాఠాలు చెప్పిన మనిషి. ఆ నొప్పి ఇప్పటికీ మడమలను వదలలేదు. ప్రతి ఆదివారం తూనికమ్మ వచ్చి ఆ పాదాలు ఒళ్ళో పెట్టుకుని పిసికేది. ఆ కాసేపూ తల్లి ఆమె ఒక్కదానికే సొంతం. తమ్ముడి ఊసైనా వచ్చేది కాదు. మరదలు తన బిళ్ళలకు వెన్నెల బిళ్ళలని పేరు పెట్టి, చిన్న డబ్బాల్లో సర్ది, రిబ్బను కట్టి, పుట్టినరోజులకూ పెళ్ళిరోజులకూ కానుకగా పంచడం మొదలుపెట్టాక ఆ ఒడి ఖాళీ అయింది. "వద్దులేవే, నీకెందుకు శ్రమ! కోడలు బిళ్ళ వేసింది" అంటూ తల్లి కాళ్ళు వెనక్కి లాక్కున్న రోజున తూనికమ్మకు ఇంటికి వెళ్ళాక ముద్ద దిగలేదు.

పంతం పట్టి తానూ చేసింది. కోకో వెన్నను ఆవిరి మీద కరిగించి, వంటసోడా, నిమ్మ ఉప్పు, భేది ఉప్పు తూకం ప్రకారం కలిపి, పుదీనా నూనె చుక్కలు వేసి, అచ్చుల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది. మొదటి వాయికి తడి చెంచా తగిలి, అచ్చుల్లోనే నురగలు కక్కింది. రెండో వాయి తెల్లగా, నున్నగా, ముచ్చటగా వచ్చింది. తల్లి పుట్టినరోజుకు డబ్బాలో పేర్చి, వృత్తిధర్మం విడువక, మూత మీద దినుసులన్నీ పేరుపేరునా రాసింది. అదే కొంప ముంచింది.

తల్లి చెల్లెలు, అంటే తూనికమ్మకు పిన్ని, కళ్ళజోడు సవరించుకుని ఆ మూత చదివింది.

"భేది ఉప్పా! ఏమే తూనికమ్మా, మీ అమ్మకి నొప్పి కాళ్ళలో. కడుపులో కాదు."

"కాళ్ళు పెడితే ఏమీ కాదు పిన్నీ. తాగితేనే..."

"ఎందుకొచ్చిన తంటా! కాళ్ళు పెట్టీ పెట్టగానే అట్నుంచటే పరిగెత్తాలేమో!"

ఇల్లంతా గొల్లుమంది.

"మరదలూ అదే వేస్తుంది, అడగండి!"

"నేను వేసేది ఎప్సమ్ సాల్ట్ కదా వదినా" అంది మరదలు మెత్తగా.

"రెండూ ఒకటే!"

"ఒకటెలా అవుతాయే? పేరు వింటేనే తెలియడం లేదూ?" అని పిన్ని తీర్పు చెప్పేసింది. తల్లి ఆ డబ్బాను అలమరలో అన్నిటికన్నా పై అరలో, పిల్లలకు అందని చోట భద్రపరిచింది.

పేరు మారినంత మాత్రాన పదార్థం గుణం మారదని తూనికమ్మకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఇంకొక్క మాట అంటే కుళ్ళు అంటారు. కుళ్ళే కూడాను. ఆ సంగతి ఆమెకు తూచకుండానే తెలుసు.

తరువాతి ఆదివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్న వేళ, స్టూలు ఎక్కి తన డబ్బా దించింది. మరదలి బిళ్ళలు తన సంచిలోకి ఒంపుకుని, తన బిళ్ళలు మరదలి డబ్బాలో పోసింది. అమ్మ నోటితో 'బాగుంది' అనిపించి, అందరి ఎదుటా గుట్టు విప్పాలని ఎత్తు. ఇది పరీక్ష మాత్రమేనని తనకు తాను నచ్చజెప్పుకుంది. అయితే పరీక్షలు చేసేవారి గుండె అలా దడదడలాడదు.

మళ్ళీ ఆదివారం వచ్చేసరికి పిన్ని కూడా అక్కడే ఉంది. మరదలు ఎప్పటిలాగే స్నానాలగదిలోనే అంతా సిద్ధం చేసి, పొగలు కక్కే తొట్టి మోసుకొచ్చింది. తల్లి పాదాలు ముంచి కళ్ళు మూసుకుంది.

"అమ్మయ్య! ఈ వారం బిళ్ళలు మరీ బాగున్నాయే. ఎప్పటికన్నా పుదీనా ఘాటు మాడుకెక్కుతోంది."

"హస్తవాసి అంటే అదీ!" అంటూ పిన్ని ఓరగా చూసింది. "తూస్తే వస్తుందా?"

తూనికమ్మ నోరు తెరిచింది. చెబితే గెలుస్తుంది, దాంతోపాటు దొంగ కూడా అవుతుంది. ఆ క్షణాన గెలుపే ముద్దనిపించింది. "అమ్మా, అసలు ఆ బిళ్ళలు..."

"వదినా, ఒక్కసారి వంటింట్లోకి వస్తారా? సీసా మూత రావడం లేదు" అని మరదలు ఆమె మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయి, తలుపు దగ్గరగా వేసింది.

"మీరు మార్చేశారని ఆ సాయంత్రమే తెలిసిపోయింది. నావి గుండ్రం, మీవి పలకలు. అన్నీ తూచారు గానీ, ఆకారం చూసుకోలేదు."

తూనికమ్మ చెవులు వేడెక్కాయి. అయినా తగ్గలేదు. "తెలిసీ వాడావుగా! ఒప్పుకో మరి, నావీ పనిచేశాయని."

మరదలు తల దించుకుంది. "వాడలేదు."

"ఎందుకని?"

"ఇవే బాగున్నాయంటారేమోనని భయమేసింది. మీరు గుమ్మంలో కనిపిస్తే చాలు, అత్తయ్య ముఖం చాటంత అవుతుంది. నాకు ఏళ్ళ తరబడి అలాంటిది దొరకలేదు వదినా. ఈ బిళ్ళలొచ్చాకే దొరికింది. అదీ మీరు పట్టుకుపోతే?"

తనను చూసి ఒకరు కుళ్ళుకోగలరన్న ఆలోచన తూనికమ్మకు ఏనాడూ రాలేదు.

"మరి నీ బిళ్ళలు వేశావా?"

"ఎక్కణ్ణించి వేస్తాను? మీ సంచిలో ఉన్నాయిగా! మళ్ళీ చేద్దామంటే కోకో వెన్న అయిపోయింది."

"అయితే తొట్టిలో..."

అవతలి గదిలోంచి తల్లి గొంతు వినిపించింది: "అమ్మాయ్, రేపూ ఇలాంటిదే వెయ్యి!"

ఆ వారమంతా ఆ తొట్టిలో ఉన్నది ఒట్టి వేడినీళ్ళు.