కాచిన పాలు

కొడుకు పుట్టి పందొమ్మిది రోజులైంది. ప్రసన్నలక్ష్మి వాణ్ణి చూసింది ఒక్కసారే, అదీ తణుకులో ఆపరేషన్ బల్ల మీంచి, పచ్చగుడ్డలో చుట్టి పట్టుకుపోతుంటే. ఎనిమిదో నెలలోనే ఊడిపడ్డాడు, తొందరెక్కువ వెధవకి! కేజీన్నర కూడా లేడని అట్నుంచటే రాజమండ్రి తీసుకెళ్ళి గాజుపెట్టెలో పెట్టారు. ఈవిడేమో పెనుగొండలో మంచం మీద. తల్లి లేని పిల్ల కావడంతో పురుడు అత్తారింట్లోనే. అత్తగారు కన్యకాపరమేశ్వరి గారు చాలా మంచావిడ, అక్కడే వచ్చింది చిక్కంతా. నెల వెళ్ళేదాకా బాలింత గడప దాటకూడదంటే దాటకూడదంతే.

"గాలి తగిలితే జన్మంతా బాధపడతావమ్మాయ్," అనేవారు.

కాబట్టి పాలు పిండి పంపడమొక్కటే ఆమె చేతిలో ఉన్న పని. ఫోన్లో వాడి ఫోటో ఎదురుగా పెట్టుకుంటేగానీ పాలు దిగేవి కావు. మొదట్లో నాలుగు చుక్కలు, ఇప్పుడు డబ్బాకి సగం. భర్త మహేంద్ర కిరాణాకొట్టు తండ్రికప్పజెప్పి, ఐసు డబ్బాతో రోజూ పొద్దున్నే బస్సెక్కేవాడు. అతను వెళ్ళాక ఒళ్ళో దిండు పెట్టుకుని కూర్చునేది. ఒక్కసారి ఎత్తుకోవాలి, వాడి తల వాసన చూడాలి, అంతకన్నా ఏమీ వద్దనిపించేది. అబ్బ, ఆ ఖాళీ చేతుల బాధ పగవాళ్ళకి కూడా వద్దండీ!

ఆ రోజు పదిన్నరకి వార్డు నర్సు సూర్యకళ ఫోను చేసింది. "ఏంటమ్మా, పాల మీద మీగడ కట్టింది? కాచారా ఏంటి?"

ప్రసన్నలక్ష్మి తెల్లబోయింది. ఫోను స్పీకర్లో ఉంది, విని వంటింట్లోంచి అత్తగారే జవాబిచ్చారు. "కాయకపోతే ఎలాగండీ! ఎండలు ముదిరాయి కదా, ఇవాళ్టి నుంచి పచ్చిపాలు అంతదూరం వెళ్తే విరిగిపోవూ? మూడు పొంగులు రానిచ్చి, చల్లార్చి మరీ పోశాను."

"అయ్యయ్యో! తల్లిపాలు కాయకూడదండీ. బిడ్డని కాపాడే గుణం చాలావరకు పోతుంది. ఐసులో ఉంటే చాలు. ఇవి పట్టలేం, పారబోస్తున్నాను. అయినా అమ్మా, మీరెందుకు రారు? పాలు పట్టే గొట్టం తీసేశాం, వేలు పెడితే చప్పరిస్తున్నాడు. రొమ్ముకి పెట్టి చూద్దామని రెండ్రోజులుగా మీవారికి చెబుతూనే ఉన్నానే!"

తల్లికి జడిసి మహేంద్ర ఆ మాట మింగేశాడు, మహానుభావుడు. ప్రసన్నలక్ష్మికి ఏడుపు తన్నుకొచ్చింది. వాడు చప్పరిస్తున్నాడట, తనకోసం వెతుక్కుంటున్నాడట! లేచి బీరువాలోంచి చీర తీసింది.

"అత్తయ్యగారూ, ఇంక పాలు పంపను. నేనే వెళ్తాను."

పెళ్ళయిన మూడేళ్ళలో ఎదురుచెప్పడం అదే మొదలు. అత్తగారు పొయ్యి ఆపి వచ్చారు. "చెవుల్లో దూది పెట్టుకో," అని, కారు మాట్లాడడానికి వీధిలోకి వెళ్ళారు.

అత్తగారూ వెంటే వచ్చారు. వార్డులో సూర్యకళ బాబుని తెచ్చి తల్లి గుండెకి ఆనించి పైన దుప్పటి కప్పింది. బరువే లేడు. వెచ్చగా ఉన్నాడు. అటూ ఇటూ తడుముకున్నాడు, ఒకసారి జారిపోయాడు. సూర్యకళ వాడి గడ్డం కాస్త ఎత్తి పట్టగానే దొరకబుచ్చుకున్నాడు. నాలుగు గుక్కలు తాగి, ఆ నాలుగింటికే అలిసిపోయి నిద్రపోయాడు.

"ఇంతేనా అండీ?" అంది ప్రసన్నలక్ష్మి, కళ్ళు తుడుచుకోవడానికి కూడా వాణ్ణి వదలకుండా.

"మొదటిరోజుకి ఇదే ఎక్కువమ్మా. మళ్ళీ రెండు గంటలాగి పెట్టాలి. ఉంటారా, వెళ్ళిపోతారా?"

ప్రసన్నలక్ష్మి తలెత్తి అత్తగారి వైపు చూసింది. ఆవిడ మనవణ్ణే చూస్తున్నారు.

"బిడ్డ ఇక్కడుంటే అదెక్కడికొస్తుందండీ," అన్నారు. "ఇంటికి నేను వెళ్తాను."